రైలు పట్టాల మీదుగా కాలిబాట చూపిన మీ పటం గురించి ఫిర్యాదు

మేనేజరు గారికి,
అనంతగిరి ప్రాంతంలోని మీ లాడ్జి, అల్లూరి సీతారామరాజు జిల్లా.

విషయం: 2025 నవంబరు 15వ తేదీ, శనివారం, మీరు ఏర్పాటు చేసిన ఒక రోజు కొండనడకలో జరిగిన సేవాలోపం.

ఆర్యా,

నేనూ, నా చిన్ననాటి స్నేహితురాలూ నవంబరు 14 నుంచి 16 వరకు మీ లాడ్జిలో ఆరో నంబరు గదిలో దిగాము. మా ఇద్దరికీ అరవై దాటాయి. ఆమెకు ఎడమ మోకాలు నొప్పి. ఈ సంగతి గది బుక్ చేసేటప్పుడే ఫోనులో చెప్పి, మాకు తగిన నడక ఏదైనా ఉందా అని అడిగితే, కాఫీ తోటల గుండా వాగు దాకా ఆరు కిలోమీటర్ల సులువైన దారి ఉందనీ, గైడు వెంట వస్తాడనీ, సాయంత్రం నాలుగింటికి అవతలి గూడెం దగ్గర జీపు సిద్ధంగా ఉంటుందనీ మీ సిబ్బంది చెప్పారు. ఆ మాట నమ్మి 2,400 రూపాయలు ముందే చెల్లించాము. రసీదు ప్రకారం అందులో గైడుకు 900, జీపుకు 600, నడక రుసుము 500, మధ్యాహ్న భోజనానికి 400.

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు బయలుదేరబోతే గైడు రాలేదు. కాఫీ పళ్ల కోత మొదలైంది కాబట్టి అతను తోట పనికి వెళ్లాడని చెప్పి, వంటింట్లో పనిచేసే కుర్రవాడిని తోడిచ్చారు. అతను మొదటి మలుపు వరకు వచ్చి, టిఫిన్ల వేళ అయిందని వెనక్కి వెళ్లిపోయాడు. ఆ అబ్బాయిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, అతనికి అప్పగించిన పని వంట. మా చేతిలో మిగిలింది మీరిచ్చిన జిరాక్సు పటం, అడ్డాకుల్లో కట్టిన పులిహోర పొట్లాలు. ఆ రోజు చెప్పినట్టుగా దొరికింది ఆ పులిహోర ఒక్కటే.

మొదటి రెండు గంటలూ హాయిగానే గడిచాయని చెప్పడం న్యాయం. సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడన ఎర్రబడ్డ కాఫీ పళ్లు, వాలు దిగితే పసుపు ఆరబోసినట్టున్న వలిసె పూల చేలు. వాటిని చూడటానికే మేము వచ్చాము. అసలు ఇబ్బంది వాగు దాటాక మొదలైంది. మీ పటంలో అక్కడి నుంచి గూడెం దాకా చుక్కల గీత ఒకటి ఉంది, దాని పక్కన ‘నడక దారి’ అని రాసి ఉంది. ఆ గీతను పట్టుకుని గట్టెక్కితే మా కాళ్ల కింద కంకర గలగలలాడింది. అది కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం.

మా నాన్నగారు అప్పటి వాల్తేరు డివిజన్‌లో పనిచేశారు, నేను రైల్వే క్వార్టర్లలో పెరిగినదాన్ని, కాబట్టి ఆ లైను సంగతి నాకు కొంత తెలుసు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో కొండలు తొలిచి వేసిన మార్గం అది. శిమిలిగుడ దగ్గర దాదాపు 996 మీటర్ల ఎత్తుకు ఎక్కి, అక్కడి నుంచి సొరంగాలూ వంపులూ దాటుకుంటూ మైదానానికి దిగుతుంది. ఖనిజం నింపుకుని ఆ వాలులో దిగే గూడ్సు, మనిషి కనిపించాక బ్రేకు వేసినా అక్కడికక్కడ ఆగదు. అంత తెలిసీ మేము రెండు వందల గజాలు ఆ పట్టాల వెంట నడిచామంటే, కారణం పక్కన వేరే దారి లేకపోవడమూ, పటం మీద మీ లాడ్జి ముద్ర ఉండటమూ.

సొరంగం ఇంకా కొంత దూరం ఉందనగా, భుజాన సుత్తి, చేతిలో ఎర్రజెండా చుట్ట పట్టుకుని, పట్టాలు తనిఖీ చేసుకుంటూ వస్తున్న రైల్వే కీమ్యాన్ ఎదురొచ్చి, “ఏటమ్మా, ఏటి సేస్తన్నారిక్కడ? గూడ్సొచ్చే ఏళయింది, కిందకి దిగిపోండి” అని గట్టిగా కేకవేశాడు. నా స్నేహితురాలి చెయ్యి పట్టుకుని ఆయనే గట్టు కిందికి దింపాడు. మేము తుప్పల్లో నిలబడి ఊపిరి తీసుకునేలోపే సొరంగంలోంచి బండి వచ్చింది. అది పూర్తిగా దాటిపోయేసరికి ఆమె తెల్లచీర కుచ్చిళ్ల మీద ఎర్రదుమ్ము పడింది. మీ పటం చెప్పినట్టు నడిచి ఉంటే ఆ సమయానికి మేము సొరంగంలో ఉండేవాళ్లం.

తిరిగి వాగు దాకా వచ్చి, కాఫీ కోతకు వచ్చిన ఒక గిరిజన మహిళ చూపిన చుట్టుదారిన గూడెం చేరేసరికి నాలుగు కావచ్చింది. నా ఫోనులో లెక్క పదమూడు కిలోమీటర్లు దాటింది. ఆమె తన దుత్తలోని చోడంబలి మా ఇద్దరికీ పోసింది, డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. జీపు మాత్రం రాలేదు. సిగ్నలు లేదు. అయిదున్నరకు చీకటి పడుతుంటే దారిన పోయే ఆటోకు 400 రూపాయలిచ్చి లాడ్జికి వచ్చాము.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధించింది ఆ రాత్రి మీ రిసెప్షన్‌లో దొరికిన సమాధానం: “పట్టాల మీద అందరూ నడుస్తారు కదా మేడం.” కొండమీది జనం పట్టాలు దాటుతారు నిజమే, వేరే తోవ లేక, ఏ బండి ఎప్పుడొస్తుందో చెవితో గుర్తుపట్టి దాటుతారు. ఆ తెలివిడి లేని కొత్తవాళ్లకు అదే దారిని డబ్బు తీసుకుని చూపడం వేరు. పైగా అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్లడం 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలుశిక్ష పడవచ్చు. మీ అతిథులను మీరే ఆ నేరంలోకి నడిపిస్తున్నారు.

కాబట్టి ఆ పటాన్ని వెంటనే వాడుక నుంచి తీసేసి, ఇప్పటికే అది అందుకుని నడక బుక్ చేసుకున్న వారందరికీ ఆ విషయం తెలియజేయాలని కోరుతున్నాను. గైడు, జీపు, నడక రుసుముల కింద తీసుకున్న 2,000 రూపాయలూ, ఆటోకైన 400 రూపాయలూ తిరిగి చెల్లించాలి. భోజనం డబ్బు నేను అడగడం లేదు. ఇకమీదట ఆ చుట్టుదారిన వెళ్లేవారికి దారి తెలిసిన ఆ ఊరి మనిషినే, అతని కూలి అతనికి పూర్తిగా ముట్టేలా, తోడిస్తారని రాతపూర్వకంగా తెలపాలి. ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా జవాబు రాకపోతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లోనూ ఫిర్యాదు చేస్తాను. పటం నకలు ఒకటి రైల్వే భద్రతా దళానికి విడిగా పంపుతున్నాను. దానికి మీ జవాబుతో సంబంధం లేదు.

జతపరచినవి: మీ ముద్ర ఉన్న పటం నకలు, 2,400 రూపాయల రసీదు నకలు.

ఇట్లు,
భవదీయురాలు,
ఆరో నంబరు గది అతిథి