కట్టేస్తే ఆగుతోందా? అదీ రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్లు బాగు చేస్తున్నాను. పోయిన వారం నకిరేకల్ నుంచి ఒకాయన, ఇంజినీరింగ్‌లో చేరిన కూతురిని వెంటబెట్టుకొని వచ్చాడు. యాసంగి వడ్లు అమ్మిన పైసలు జేబులో ఉన్నాయి. అయినా, "గ్రాఫీన్ కంప్యూటర్లు వస్తున్నాయట గదా సార్, వంద రెట్లు స్పీడట. ఏడాది ఆగి కొంటే నయమా?" అని అడిగాడు. పేపర్లో చదివాడట. అమ్మాయికేమో వచ్చే వారమే ల్యాబ్‌లు మొదలు. ఆగొద్దని చెప్పాను.

గ్రాఫీన్ అంటే ఒక్క పరమాణువు మందం ఉండే కార్బన్ పొర. దాని మీద ఆశ నాకూ ఉంది. నా దగ్గర 2004 నాటి పెంటియం 4 ప్రాసెసర్ ఒకటి దాచిపెట్టుకున్నాను. దాని స్పీడు 3 గిగాహెర్ట్జ్. ఇరవై ఏళ్లు దాటినా కొత్త ప్రాసెసర్లు 5, 6 దగ్గరే ఆగాయి. కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) పెరిగాయి, చేసే పని పెరిగింది, క్లాక్ స్పీడు మాత్రం పెద్దగా కదల్లేదు. అడ్డం వేడి. మే నెలలో షాపుకొచ్చే సిస్టమ్‌లకు ఎక్కువగా ఇదే రోగం. ఫ్యాన్ విప్పితే ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ సందుల్లో దుమ్ము దూదిలా పేరుకొని ఉంటుంది. కింద పేస్టు ఎండిపోయి సున్నంలా రాలుతుంది. వేడి 90 డిగ్రీలు దాటేసరికి ప్రాసెసర్ తనే స్పీడు తగ్గించుకుంటుంది. దుమ్మంటే నేను దులుపుతాను, ఇప్పటి చిప్‌లు తయారయ్యే సిలికాన్ గుణాన్ని ఏం చేయగలను?

అందుకే 2010లో ఐబీఎం వాళ్లు గ్రాఫీన్ ట్రాన్సిస్టర్‌తో (కరెంటును అదుపు చేసే బుల్లి పరికరంతో) 100 గిగాహెర్ట్జ్ అందుకున్నారని చదివి ఆ రాత్రి నిద్రపోలేదు. పెన్సిల్‌లో ఉండే గ్రాఫైట్ మీద టేపు అంటించి ఊడదీస్తూ ఒక్క పరమాణువు మందం పొర తీసిన మాంచెస్టర్ శాస్త్రవేత్తలు గీమ్, నోవోసెలోవ్‌లకు నోబెల్ వచ్చింది కూడా ఆ ఏడాదే.

కానీ ఆ 100 రేడియో సిగ్నల్ పెంచే పనికి సంబంధించిన అంకె. లెక్కలు చేసే చిప్‌లో ట్రాన్సిస్టర్ మన ఇంటి నల్లా లాంటిది. ఎంత ధారగా వచ్చినా కట్టేస్తే కారకూడదు. మామూలు గ్రాఫీన్‌కు బ్యాండ్‌గ్యాప్, అంటే కరెంటును పూర్తిగా ఆపడానికి కావాల్సిన శక్తి అంతరం, లేదు, అందుకే కట్టేసినా కరెంటు కారుతూనే ఉంటుంది. గోరంత చిప్‌లో అట్లాంటి నల్లాలు వందల కోట్లుంటే మళ్లీ వేడే కదా!

2024 జనవరిలో అమెరికాలోని జార్జియా టెక్‌కు చెందిన వాల్ట్ డి హీర్, చైనాలోని తియాన్‌జిన్ పరిశోధకులతో కలిసి, సిలికాన్ కార్బైడ్ మీద పెంచిన గ్రాఫీన్‌లో 0.6 ఎలక్ట్రాన్ వోల్టుల (ఈ అంతరాన్ని కొలిచే యూనిట్) బ్యాండ్‌గ్యాప్ చూపించారు. సిలికాన్‌కది 1.1. ఇందులో ఎలక్ట్రాన్లు సిలికాన్‌లో కన్నా పది రెట్లు చురుగ్గా కదులుతాయి. చాలా పెద్ద విషయం, సంతోషం. అయితే ల్యాబ్‌లో ఒక పొర సరిగ్గా రావడం వేరు, ఫ్యాక్టరీలో లక్షల చిప్‌లు ఒకే తీరుగా రావడం వేరు.

ఈసారి గ్రాఫీన్ వార్త వేసేటప్పుడు ఎంత వేగమో రాసిన చోటే రెండు ముక్కలు కలపండి: కట్టేస్తే ఆగుతోందా? తయారైంది ప్రాసెసరా, ఒక్క ట్రాన్సిస్టరేనా?

– ఒక కంప్యూటర్ మెకానిక్, నల్లగొండ