దండ వేసినవాళ్ల పేర్లు పదిహేడు

సంపాదకులకు,

అయ్యా, జూన్ 20న మీ జిల్లా పేజీలో ఫాదర్ ఫెర్రర్ వర్ధంతి వార్త వేశారు. ఎవరో ఒకరు రాస్తారులే అని పది రోజులు ఆగాను. ఎవరూ రాయలేదు. ఆ వార్తలో పూలమాల వేసిన నాయకుల పేర్లు పదిహేడు, లెక్కపెట్టాను. ఫెర్రర్ గురించి ఉన్నవి రెండే వాక్యాలు, అందులో ఒకటి తప్పు.

1952లో స్పెయిన్ నుంచి అనంతపురం వచ్చారట! ఆ ఏడాది ఆయన జెసూట్ అనే క్యాథలిక్ ఫాదర్ల సభ తరఫున దిగింది బొంబాయిలో. పనిచేసింది మహారాష్ట్ర మన్మాడ్‌లో, బావులు తవ్వుకునే పేద రైతుల మధ్య. జనం ఆయన వెంట నడవడం అక్కడి పెద్దలకు మింగుడుపడలేదు. 1968లో దేశం విడిచి పొమ్మన్నారు. వేలమంది రైతులు ఆయన కోసం రోడ్డెక్కారు. మళ్లీ 1969లో వచ్చారు, అదీ వాన మొహం చూడని మన జిల్లాకి. 1970లో సభ నుంచి బయటికొచ్చి ఆన్ పెర్రీ గారిని పెళ్లి చేసుకున్నారు. అంటే మన మధ్య ఉన్న నలభై ఏళ్లలో దాదాపు అన్నేళ్లూ ఆయన ఫాదర్ కానే కాదు. అయినా పల్లెల్లో ముసలమ్మలకు ఇప్పటికీ ఫాదరే. ఎందుకో కనుక్కుంటే మంచి వార్త అయ్యేది. మీ విలేకరి 'మత ప్రచారకుడు' అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

ఆయన పెట్టిన ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఇల్లు కట్టిస్తే అది ఇంటి ఆడమనిషి పేరు మీదే ఉండాలన్నారు. బత్తలపల్లిలో పెద్దాసుపత్రి కట్టించారు. 2009లో 89 ఏళ్ల వయసులో పోతే ఆయన్ని పూడ్చింది ఆ బత్తలపల్లిలోనే, స్పెయిన్‌లో కాదు.

మా ఊరి చెరువు పూడిక తీయమని మూడేళ్లుగా అర్జీలు పెడుతున్నాం. ప్రతిసారీ 'పరిశీలనలో ఉంది' అంటారు. వర్ధంతి సభలో మాత్రం 'ఫాదర్ బాటలో నడుద్దాం' అని ఉపన్యాసం! నడవక్కర్లేదు సార్, ఆ ఫైలు మీద సంతకం పెడితే చాలు. సభ అయ్యాక ఫ్లెక్సీ కూడా విప్పలేదు, మొన్నటి గాలికి చిరిగి కరెంటు తీగల మీద వేలాడుతోంది.

సవరణ వేస్తారో లేదో మీ ఇష్టం. వేస్తే మాత్రం ఆ పదిహేడు పేర్లూ మళ్లీ అచ్చు వేయకండి.

— ఒక రిటైర్డ్ టీచర్, అనంతపురం జిల్లా