లాక్ ఒక్కటే చాలదు: ఉమ్మడి క్యాష్ గురించి మన పిల్లలకు చెప్పవలసినది

సంపాదకులు గారికి,

నమస్కారములు. గత ఆదివారం మీ విద్యా పుటలో ఆపరేటింగ్ సిస్టమ్‌ల గురించి వచ్చిన వ్యాసాన్ని మా పర్లాకిమిడి విద్యార్థులు కత్తిరించి తరగతికి తెచ్చారు. సరిహద్దుకు ఇవతల, ఒడిశాలో చదువుకుంటున్న తెలుగు పిల్లలకు ఇటువంటి విషయం సొంత భాషలో దొరకడం అరుదు కనుక, ముందుగా నా కృతజ్ఞతలు. అయితే అందులో, అనేక థ్రెడ్లు (ఒకేసారి సాగే పనుల ధారలు) ఒకే సమాచారాన్ని వాడుకునేటప్పుడు దానికి లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే తాళం) వేస్తే ఇక ప్రమాదం ఉండదని రాశారు. పరీక్షలో మార్కులకు ఆ వాక్యం సరిపోతుంది గాని, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెవంటి కెర్నల్‌ను రాయబోయేవారికి అది సగం నిజమే. ఒంటి లైను రైలు మార్గంలో టోకెన్ చేతికి వచ్చిన బండే ముందుకు కదులుతుందని ఉదాహరణ చెప్పి, ఎన్నో ఏళ్లు నేనూ అక్కడితోనే పాఠం ముగించాను. అందువల్ల మిగిలిన సగం రాయవలసిన బాధ్యత నా మీద ఉన్నదని భావిస్తున్నాను.

ఒక ఫైలు పేరు కోసం ప్రతిసారీ తిరిగే డిస్కు దాకా వెళితే కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. అదే మెమరీలో ఉంటే సుమారు 100 నానోసెకన్లలో దొరుకుతుంది. అందుకే లినక్స్ కెర్నల్ ఒకసారి వెతికిన పేర్లను డెంట్రీ క్యాష్ అనే చోట, మళ్లీ చేతికి అందేలా దాచుకుంటుంది. అన్ని ప్రాసెసర్ల మీద నడిచే థ్రెడ్లన్నిటికీ అది ఉమ్మడి ఆస్తి. మెమరీ చాలనప్పుడు, ఎవరూ వాడని పాతవాటిని కెర్నలే తీసివేసి ఆ చోటును ఖాళీ చేస్తుంది. చిక్కు మొదలయ్యేది ఈ తీసివేత దగ్గరే.

ఒక థ్రెడ్ లాక్ పట్టుకుని, ఇటువంటి క్యాష్ జాబితాలో తనకు కావలసినదాన్ని వెతికి, దాని చిరునామా తీసుకుని, లాక్ వదిలేసిందనుకుందాం. మరుక్షణంలో ఇంకొక థ్రెడ్, అది కూడా పద్ధతి ప్రకారం లాక్ పట్టుకునే, అదే వస్తువును జాబితా నుంచి తొలగించి దాని మెమరీని విడుదల చేసింది. రెండూ నియమం తప్పలేదు; అయినా మొదటి థ్రెడ్ చేతిలో మిగిలినది ఈపాటికి వేరొకరికి కేటాయించిన స్థలం చిరునామా. మా ల్యాబ్‌లో ఇద్దరు విద్యార్థులు రాసిన చిన్న కెర్నల్ మాడ్యూల్‌లో (కెర్నల్‌కు జతచేసే కోడ్ ముక్కలో) సరిగ్గా ఇదే జరిగింది. ఒకే కోర్ (ప్రాసెసర్‌లో పనిచేసే భాగం) ఇచ్చిన వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్‌లోనే నడిచే ఊహా కంప్యూటర్‌లో, అది రెండు రోజులు నిలకడగా నడిచింది. నాలుగు కోర్లు ఇచ్చేసరికి కూలిపోవడం మొదలుపెట్టింది, అదీ ప్రతిసారీ ఒక కొత్త చోట. ‘లాక్ వేశాం కదండీ’ అని ఆ పిల్లలు అడిగినప్పుడు, వాళ్లకు ఆ మాట నేర్పినవాణ్ని నేనే గనుక, నాకు చాలా బాధ కలిగింది.

లాక్ కాపాడేది జాబితాను. జాబితాలోని వస్తువు ఎంతకాలం బతికి ఉండాలన్నది వేరే ప్రశ్న, దానికి వేరే ఏర్పాటు కావాలి. ఆ వస్తువును ఎందరు వాడుతున్నారో తెలిపే లెక్క ఒకటి దానిలోనే ఉండాలి. వెతికిన థ్రెడ్ లాక్ వదలకముందే ఆ లెక్కను ఒకటి పెంచాలి. పని ముగిశాక తగ్గించాలి. లెక్కను సున్నాకు చేర్చిన థ్రెడ్డే మెమరీని విడుదల చేయాలి. లాక్ లేకుండా వెతికే చోట్ల మరింత జాగ్రత్త అవసరం. లెక్క అప్పటికే సున్నా అయి ఉంటే ఎవరో దాన్ని పారవేసే పనిలో ఉన్నట్టే కనుక, ‘సున్నా కాకపోతేనే పెంచు’ అనేది మధ్యలో ఎవరూ దూరలేని ఒకే అడుగుగా జరగాలి. ముందు చూసి తరువాత పెంచితే, ఆ రెంటి మధ్య సందు చాలు ప్రమాదానికి.

లాక్ లేకుండా వెతకడం ఎలాగని సందేహం రావచ్చు. దీనికి నాకు తోచిన పోలిక గ్రంథాలయంలోని పంచాంగం. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే బల్ల మీద దాన్ని పెట్టి పాతదాన్ని తీసేస్తారు. అప్పటికే పాతది చేతిలో పట్టుకుని చదువుతున్నవారి దగ్గర నుంచి మాత్రం లాక్కోరు; వారందరూ లేచి వెళ్లాకే అది తూకానికి పోతుంది. ఆ తరువాత వచ్చినవారికి కొత్తదే దొరుకుతుంది. పాల్ మెకెన్నీ తదితరులు రూపొందించిన ఆర్‌సీయూ (రీడ్-కాపీ-అప్‌డేట్) పద్ధతి సారం ఇదే. 2002 అక్టోబరులో ఇది లినక్స్‌లో చేరింది. 2011లో వచ్చిన లినక్స్ 2.6.38 వెర్షన్ నుంచి ఫైలు దారి వెతకడం కూడా చాలావరకు ఈ పద్ధతిలోనే, లాక్ పట్టకుండా జరుగుతోంది. చదవడం ఎక్కువ, మార్చడం తక్కువ అయిన చోట దీనికి సాటి లేదని నా అభిప్రాయం. కాని చదివేవారు కాసేపు పాత సమాచారం చూసినా నష్టం లేని చోటే దీన్ని వాడాలి; మామూలు ఆర్‌సీయూలో చదువుతున్న థ్రెడ్ మధ్యలో నిద్రపోకూడదు (దేనికోసమో ఆగి వేచి ఉండకూడదు) కూడా. కొత్త వస్తువును పూర్తిగా నింపిన తరువాతే దాని చిరునామాను బయటపెట్టాలన్న నియమం కూడా ఉంది. కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలరూ, ప్రాసెసరూ ఈ వరుసను మార్చగలవు. మన ఫోన్లలోని ఆర్మ్ ప్రాసెసర్లకు లాప్‌టాప్‌లలోని ఇంటెల్ ప్రాసెసర్ల కంటే ఆ స్వేచ్ఛ ఎక్కువ కనుక, బల్ల మీద నడిచిన కోడ్ జేబులో తప్పవచ్చు.

ఇదంతా పండితుల గొడవ అనుకోవడానికి వీలులేదు. 2016 అక్టోబరులో బయటపడిన ‘డర్టీ కౌ’ లోపం 2007 నుంచి లినక్స్‌లో ఉన్నదే. రెండు థ్రెడ్లు సరైన క్షణంలో పోటీపడితే, చదివే అనుమతి మాత్రమే ఉన్న ఫైలు తాలూకు క్యాష్ నకలు మీద మామూలు వినియోగదారుడు కూడా రాయగలిగేవాడు. అంతటి నిపుణుల కళ్ల ముందు తొమ్మిదేళ్లు నిలిచిన తప్పును, లాక్ నిర్వచనం ఒక్కటే కంఠస్థం చేసిన విద్యార్థి ఎలా పట్టుకోగలడు?

కాబట్టి మా గజపతి, రాయగడ జిల్లాల కళాశాలలను, సరిహద్దు అవతలి పాతపట్నం వైపు కళాశాలలను నేను కోరేది ఒక్కటే: ఆపరేటింగ్ సిస్టమ్ ల్యాబ్‌లో కనీసం నాలుగు కోర్ల వర్చువల్ మెషీన్ మీద పిల్లల చేత ఒక ఉమ్మడి క్యాష్ రాయించండి. విడుదలైన మెమరీని ముట్టుకుంటే చెప్పే కాశాన్, థ్రెడ్ల పోటీని పట్టే కేసీశాన్, లాక్‌ల వరుస తప్పితే హెచ్చరించే లాక్‌డెప్ కెర్నల్‌లోనే ఉన్నాయి, ఉచితం. వాటిని ఆన్ చేసి, ముందు తప్పు కోడ్‌ను నడిపించి, ఆ హెచ్చరికలను పిల్లల చేతనే చదివించాలి. మా ఇద్దరు విద్యార్థులు అలా చదివిన రోజునే తమ తప్పున్న పంక్తిని తామే చూపించారు.

జనం మాట్లాడే తెలుగులోనే చదువు సాగాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఉపాధ్యాయులుగా పనిచేసిన ఊరు మాది. అందుచేత ఈ పాఠాన్ని తెలుగులోనే వివరిస్తూ మీ విద్యా పుటలో మరొక వ్యాసం వేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను. కావలసిన ఉదాహరణ కోడ్‌ను, మా పిల్లల తప్పొప్పులతో సహా, పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక కంప్యూటర్ అధ్యాపకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా