పెద్దాసుపత్రికీ ఇంటికీ మధ్య ఏమీ లేదా?

సంపాదకులు గారికి నమస్కారం.

అక్టోబరు వస్తే రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం వీధుల్లో గులాబీ రిబ్బన్లతో నడకలు జరుగుతాయి. రొమ్ము క్యాన్సర్ గడ్డను ముందే పసిగట్టమని చెప్పడం మంచిదే. డెబ్బై దాటాక, జబ్బు ఎముకలకో ఊపిరితిత్తులకో పాకాక బయటపడిన తల్లుల సంగతి మాత్రం ఆ సభల్లో ఎవరూ ఎత్తరు. గోదావరి డెల్టాలో ఇలాంటి ఇళ్లకు కనిపించే దారులు రెండే. అనకాపల్లి దాటి విశాఖ శివారు అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో, హైదరాబాదుకో తీసుకెళ్లి ఉన్న వైద్యమంతా చేయించడం ఒకటి. "ఈ వయసులో ఆవిడకెందుకీ బాధ" అని ఇంట్లోనే ఉంచేయడం రెండోది. పెద్దవాళ్లకు ఎక్కువగా అక్కరకొచ్చే వైద్యం ఈ రెంటికీ మధ్యలో ఉంది. దానిలో చాలా భాగం జిల్లా ఆసుపత్రిలోనే జరగొచ్చు, జరగాలి.

"ముదిరిపోయింది" అనగానే బెంబేలెత్తకుండా ముందు ఒకటి తేల్చుకోవాలి. గడ్డ చంకలోకి పాకినా, పైన చర్మం పుండైనా, దూరపు అవయవాలకు చేరకపోతే అది మూడో దశ దాటనట్టే. నయం చేయాలన్న ప్రయత్నం అక్కడ ఇంకా ఉంటుంది. ఎముకలకో, కాలేయానికో, ఊపిరితిత్తులకో చేరితే నాలుగో దశ. పూర్తిగా పోదు గానీ అదుపులో ఉంచవచ్చు, కొందరిలో ఏళ్ల తరబడి.

అసలు తప్పు మొదలయ్యేది ముక్క పరీక్ష (బయాప్సీ) దగ్గర. సన్న సూదితో కణాలు లాగి చూసే పరీక్ష క్యాన్సర్ అవునో కాదో చెబుతుంది, అంతే. మందు ఏదో నిర్ణయించేవి ఈఆర్, పీఆర్ (గడ్డ ఆడ హార్మోన్లతో పెరిగేదా అని చూసేవి), హెర్2 (గడ్డను పెంచే ఒక ప్రోటీన్ ఎక్కువగా ఉందా అని చూసేది) అనే మూడు పరీక్షలు. వాటిని నమ్మకంగా చేయాలంటే లావు సూదితో తీసిన ముక్క కావాలి. ఆ ముక్క గంటలోపే, చెడకుండా ఉంచే ద్రావణమైన పది శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో పడాలి, ముక్కకు పది రెట్లు ద్రావణం ఉండాలి, అందులో ఆరు గంటలకు తక్కువా డెబ్బై రెండు గంటలకు ఎక్కువా ఉండకూడదు. సెలైన్‌లోనో స్పిరిట్‌లోనో వేసి పంపినా, పండగ సెలవుల్లో సీసా బల్ల మీదే ఉండిపోయినా రిపోర్టు తప్పుగా "నెగెటివ్" అని రావచ్చు. అప్పుడు రోజుకో మాత్రతో నడవాల్సిన మనిషికి కీమో ఎక్కుతుంది. హెర్2 దగ్గర "2+" అని రాస్తే అది అవుననీ కాదు, కాదనీ కాదు. హెర్2 జన్యువును నేరుగా చూసే ఫిష్ అనే ఇంకో పరీక్ష చేయించాలి. ల్యాబు నుంచి రిపోర్టు కాగితంతో పాటు ఆ ముక్కను దాచిన మైనపు బ్లాకును కూడా అడిగి తెచ్చుకోండి. పెద్దాసుపత్రిలో మళ్లీ ముక్క తీసే పని తప్పుతుంది.

వయసు పైబడిన స్త్రీలలో ఎక్కువ మందికి ఈఆర్ పాజిటివ్ వస్తుంది. వాళ్లకు రోజుకు ఒక్క లెట్రోజోల్ (ఆ హార్మోన్ను తగ్గించేది) 2.5 మి.గ్రా. మాత్ర, స్తోమత ఉంటే దానికి తోడు క్యాన్సర్ కణాలు పెరగకుండా ఆపే పాల్బోసిక్లిబ్ లాంటిది. 2023లో పేటెంటు గడువు తీరాక దీని జెనరిక్‌లు వచ్చి ధర బాగా దిగింది. పాల్బోసిక్లిబ్ ఇరవై ఒక్క రోజులు వేసి ఏడు రోజులు ఆపాలి, మొదటి రెండు విడతల్లో ఒకటో రోజూ పదిహేనో రోజూ రక్తకణాల పరీక్ష చేయించాలి. తెల్లకణాలు మరీ పడిపోతే డాక్టరు మోతాదును 125 మి.గ్రా. నుంచి 100కి, 75కి తగ్గిస్తారు. ఈ మాత్రల పని తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నెలకే "గుణం లేదు" అనో, కీళ్లు పట్టేస్తున్నాయనో మానేయడం మనవాళ్లు తరచూ చేసే పొరపాటు. కాలేయమో ఊపిరితిత్తులో వేగంగా దెబ్బతింటున్నప్పుడు తప్ప ఈ రకానికి కీమోతో మొదలుపెట్టాల్సిన పని లేదు.

కీమో తప్పనిసరైతే వయసు అంకె కంటే మనిషి ఓపిక ముఖ్యం. మరుగుదొడ్డికి తనంతట తాను వెళ్తున్నారా, ఈ ఆరు నెలల్లో ఎన్నిసార్లు పడ్డారు, ఎంత బరువు తగ్గారు, బీపీ, షుగరు మాత్రలతో కలిపి రోజుకెన్ని మింగుతున్నారు అన్నవి రాసి తీసుకెళ్లండి. పగలు సగానికి పైగా మంచం మీదే గడిపే మనిషికి కీమో మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. కిడ్నీ లెక్కలో ఇంకో మోసం ఉంది. డెబ్బై అయిదేళ్ల వయసు, నలభై అయిదు కిలోల బరువు ఉన్నావిడకు కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.0 అని వస్తే కాగితం మీద మామూలే అనిపిస్తుంది. వయసూ బరువూ వేసి లెక్కగడితే కిడ్నీలు వడపోసేది నిమిషానికి 35 మి.లీ. దగ్గరే ఉంటుంది. అప్పుడు కేపెసిటబిన్ అనే కీమో మాత్రల మోతాదు నాలుగో వంతు తగ్గాలి. జబ్బు చేరిన ఎముకల బలానికి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ 4 మి.గ్రా. బదులు 3 చాలు. అది మొదలుపెట్టే ముందు పాడైన పళ్లు పీకించేసుకోవాలి, తర్వాత పీకిస్తే దవడ ఎముక పుచ్చే ప్రమాదముంది.

ఒళ్లు నొప్పులకని ఆర్‌ఎంపీ దగ్గర రోజూ డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటున్న పెద్దల కిడ్నీల మాట ఇక చెప్పక్కర్లేదు.

ఎముక నొప్పికి రేడియేషన్ అంటే పది పదిహేను రోజులు తిరగాలని భయపడి చాలామంది మానుకుంటారు. చిక్కులేని (ఎముక విరగని, వెన్నుపాము నొక్కుకుపోని) ఎముక నొప్పికి 8 గ్రే (రేడియేషన్ కొలత) ఒకే విడతలో ఇచ్చినా నొప్పి తగ్గడంలో పది విడతలతో సమానమే. కొందరికి తర్వాత ఇంకోసారి అవసరం పడవచ్చు. సఖినేటిపల్లి రేవులో పంటు దాటి, రెండు బస్సులు మారి వెళ్లే మనిషికి ఒక్క రోజుకూ పది రోజులకూ తేడా ఎంతో వేరే చెప్పాలా? "ఒకే విడత సరిపోతుందా డాక్టరు గారూ" అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

నొప్పికి అసలు మందు మార్ఫిన్. పెద్దవాళ్లకు నాలుగు గంటలకోసారి 2.5 నుంచి 5 మి.గ్రా.తో మొదలుపెట్టి, నొప్పిని బట్టి పెంచుతారు. కిడ్నీలు బలహీనంగా ఉంటే వ్యవధి పెంచుతారు. మొదటి రోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు కలపకపోతే మలబద్ధకంతో విసిగి వాళ్లే మాత్ర మానేస్తారు. ఇలా లెక్కగా వాడితే వ్యసనం అవుతుందన్న భయం అక్కర్లేదు. మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించి పాత లైసెన్సుల బెడద తీసేశారు. శిక్షణ పొందిన వైద్యుడు ఉండి, రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ గుర్తింపు ఉంటే ఆసుపత్రి మార్ఫిన్ నిల్వ పెట్టుకోవచ్చు. అమలాపురం, భీమవరం, నరసాపురం ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ మాత్ర ఏడాది పొడవునా దొరికేలా చూడటం జిల్లా యంత్రాంగం తలచుకుంటే అయ్యే పని. పాత దరఖాస్తుల భయం ఇంకా కొందరు అధికారుల్లో పోలేదు, ఆ శిక్ష రోగులకు పడుతోంది.

రొమ్ము మీది పుండు విషయం సిగ్గుతో దాచుకుంటారు కాబట్టి విడిగా రాస్తున్నాం. కాచి చల్లార్చిన నీళ్లు లీటరుకు ఒకటిన్నర టీస్పూను ఉప్పు వేసి కడగాలి. పాత కట్టు ఎండి అంటుకుంటే లాగకూడదు, తడిపి తీయాలి. వాసనకు డాక్టరును అడిగి మెట్రోనిడజోల్ మాత్ర మెత్తగా నూరి పుండు మీద చల్లితే కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడు, ఆకు పసర్లు వద్దు. రక్తం చిమ్మితే శుభ్రమైన గుడ్డతో పది పదిహేను నిమిషాలు మధ్యలో తీసి చూడకుండా అదిమి పట్టాలి. పథ్యం పేరుతో గుడ్డు, చేప, పెరుగు మానిపించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అసలే చిక్కిపోయే జబ్బు, పైగా ఈ శిక్ష ఎందుకో!

ఇంట్లో ఆగకుండా బయల్దేరాల్సినవి మూడు. కొత్తగా నడుం నొప్పితో పాటు కాళ్లు తూలడం, మూత్రం ఆగిపోవడం: వెన్నుపాము నొక్కుకుపోతోంది, గంటలు దాటితే కాళ్లు తిరిగి రాకపోవచ్చు. కీమో తర్వాత 100.4 దాటిన జ్వరం: పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకూడదు. విపరీతమైన దాహం, మలబద్ధకంతో పాటు మతిమరుపు, మగత: వయసు ప్రభావం అనుకుంటారు, రక్తంలో కాల్షియం పెరగడం కావచ్చు, సెలైనుతో, సూదితో దిగుతుంది.

చివరిగా, ఆవిడకు చెప్పకుండా జరిగే నిర్ణయాలు. అబ్బాయి అమెరికాలో, అమ్మాయి హైదరాబాదులో, ఇక్కడ మేనల్లుడు ఫైలు పట్టుకుని తిరుగుతుంటాడు. "అమ్మకు చెప్పకండి డాక్టరు గారూ" అని అందరూ ఒకే మాట మీద ఉంటారు. ఆవిడకు చాలా వరకు తెలిసే ఉంటుంది, పిల్లలు బాధపడతారని అడగదు. "నీకేం జరుగుతోందో ఎంతవరకు తెలుసుకోవాలనుంది పిన్నీ?" అని డాక్టరైనా నర్సైనా ఒకసారి అడిగితే చాలు. వద్దంటే ఆగిపోవచ్చు. మొదలుపెట్టిన వైద్యాన్ని ఎక్కడ ఆపి చూడాలో ముందే అనుకోవాలి: రెండు మూడు విడతలయ్యాక స్కాన్, అప్పటికి ఆవిడ తిండి, నిద్ర, నడక ఎలా ఉన్నాయో చూసి కొనసాగించాలా వద్దా అన్నది. వెంటిలేటరు వద్దని ఆవిడ అనుకుంటే 2023 జనవరిలో సుప్రీంకోర్టు సులభం చేసిన పద్ధతిలో ఇద్దరు సాక్షుల ముందు రాసి, నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరింపజేస్తే సరిపోతుంది.

జిల్లా కేంద్రాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారానికి ఒక పూట ఇందుకు కేటాయించమని కోరుతున్నాం. ఒక వైద్యుడు, కట్టు కట్టడం తెలిసిన ఒక నర్సు, మార్ఫిన్, లెట్రోజోల్, రక్తకణాల పరీక్ష ఉంటే చాలు. ఆపరేషన్ థియేటరూ అక్కర్లేదు, కొత్త భవనమూ అక్కర్లేదు. ఆసుపత్రి అభివృద్ధి కమిటీల వచ్చే సమావేశంలో ప్రజాప్రతినిధులు ఈ అంశాన్ని అజెండాలో పెట్టించాలి.

— విశ్రాంత వైద్య సిబ్బంది, కోనసీమ