వార్షిక నివేదిక 2024–25: బాలల పఠన తరగతి

అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి వచ్చిన పెద్దలకు, తల్లిదండ్రులకు నమస్కారం. రాని వాళ్లకు కూడా నమస్కారమే. ఎలాగూ వాట్సాప్‌లో చదువుతారు.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి మళ్లీ ఏకరువు పెట్టను. పోయినేడు మీరు చేసిన తీర్మానం ప్రకారం ఆదివారం తరగతిలో కథల పుస్తకాలతో పాటు జీవిత చరిత్రలు, చరిత్ర, సైన్సు పుస్తకాలు కూడా చదివించాం. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లలు వచ్చారు. సెప్టెంబర్ మొదట్లో కురిసిన పెద్ద వానలకు, ఆ తర్వాత బతుకమ్మ, దసరా సెలవులకు తరగతి ఆగింది.

చదవడం వచ్చిన పిల్లలకు చదవడం నేర్పుడేందని ఒకరిద్దరు సభ్యులు అడిగారు. జీవిత చరిత్ర చేతికిస్తే మన పిల్లలు పుట్టిన తేదీ, అమ్మానాన్నల పేర్లు, బిరుదులు గడగడా అప్పజెబుతారు. పుస్తకం మూసి "ఆయన ఆ పని ఎందుకు చేసిండు?" అని అడిగితే నోరు పెగలదు. పరీక్ష కోసం చదివే అలవాటు అది, పిల్లల తప్పేం లేదు.

అందుకని మొదటి ఆదివారాల్లో అసలు చదవనివ్వలేదు. విషయసూచిక, ఉపశీర్షికలు, ఫొటోల కింది రాతలు, చివర ఉండే తేదీల పట్టిక, ఇవి మాత్రమే చూసి పుస్తకంలో ఏముంటుందో చెప్పమన్నాం. తర్వాత నోటుబుక్కులో మూడు గడులు గీయించాం: తెలిసింది, తెలుసుకోవాలనుకుంటున్నది, తెలుసుకున్నది. ఇది మనం కనిపెట్టింది కాదు. 1986లో డోనా ఓగల్ అనే అమెరికా అధ్యాపకురాలు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. రెండో గడి నింపడమే కష్టమైంది. అందరూ ఒకటే రాశారు, "ఆయన గొప్పతనమేమి?" అని. రామప్ప గుడి పాఠం దగ్గరికి వచ్చేసరికి కదలిక వచ్చింది. "ఇటుక నీళ్ల మీద ఎట్ల తేలుతది?" అని రాసిన పిల్ల, జవాబు దొరికే దాకా పుస్తకం వదల్లేదు.

అదే పాఠంతో రంగు పెన్సిళ్ల పని కూడా చేయించాం. ఆధారం ఉన్న వాక్యం కింద నీలం గీత, వినికిడి మాటకు పచ్చ గీత, రచయిత మెచ్చుకోలుకు ఎర్ర గీత. 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు గుడి కట్టించాడన్నది శాసనంలో ఉంది, కాబట్టి నీలం. రామప్ప అనే శిల్పి పేరు మీద గుడికి ఆ పేరొచ్చిందన్నది జనం చెప్పుకునే మాట, పచ్చ. 2021లో యునెస్కో గుర్తింపు మళ్లీ నీలం. ఆ తర్వాత జీవిత చరిత్రలు తెరిస్తే పేజీలకు పేజీలు ఎర్రబడ్డాయి. మన తెలుగులో పిల్లల కోసం రాసే జీవిత చరిత్రలు ఎంత పొగడ్తతో నిండి ఉంటాయో పెద్దలం మనమే గమనించం.

పీవీ నరసింహారావు గారి మీద రెండు పుస్తకాలు చదివినప్పుడు గొడవే అయింది. సొంతూరు వంగర అని ఒక జట్టు, లక్నేపల్లి అని ఇంకో జట్టు. టీచరమ్మ జవాబు చెప్పకుండా రెండు పుస్తకాలూ మార్చి చదవమన్నారు. 1921 జూన్ 28న పుట్టింది నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో, దత్తత పోయి పెరిగింది వంగరలో అని పిల్లలే తేల్చారు. కాళోజీ గారు పుట్టింది కర్ణాటకలోని రట్టిహళ్లి అంటే మాత్రం చాలాసేపు నమ్మలేదు. "మడికొండ కాదా సార్?" అని ఇంటికి పోయేటప్పుడు కూడా అడిగారు.

ఇక నవంబర్ 17. గ్రంథాలయ వారోత్సవాల్లో మనం జరిపిన కార్యక్రమం గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఓపిక పట్టాలి. హాలు గోడ పొడవునా బ్రౌన్ పేపర్ అంటించి మూడు వరుసల కాలరేఖ గీశారు. పై వరుసలో దేశం, రాష్ట్రం: 1948 సెప్టెంబర్ 17, 1956, 1969, 2014. నడి వరుసలో వాళ్లు చదివిన మనుషులు: 1914లో కాళోజీ, 1921లో పీవీ, 1934లో జయశంకర్ సార్. సార్ పుట్టేనాటికి కాళోజీకి ఇరవై ఏళ్లు అని ఒక పిల్లవాడు రాస్తే, ఏడో తరగతి పాప లేచి "సార్ పుట్టింది ఆగస్టు 6 కదా, కాళోజీ పుట్టినరోజుకు ఇంకా నెల మీద మూడు రోజులు తక్కువ" అని కొట్టేయించింది.

కింది వరుస మా ఇల్లు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకురావాలి. అక్కడే చిక్కొచ్చింది. ఒక నాయినమ్మ ఆధార్ కార్డులో పుట్టిన తేదీ 1956 జనవరి 1. ఆమె మాత్రం "రజాకార్ల గడ్‌బడ్ల నన్ను సంకలేసుకొని మా అమ్మ చేన్లకు ఉరికింది" అంటుంది. ఏ గీత వేయాలి? కార్డు సర్కారు కాగితం కాబట్టి నీలం అన్నారు కొందరు. జనవరి ఒకటి అని ఉన్న కార్డులు తరగతిలోనే ఇంకా ఉన్నాయని మరొకరు పట్టుకున్నారు. చివరికి ఆ మనుమరాలు ఆమెను 1948కి కొంచెం ముందు పెట్టి, పక్కన "నాయినమ్మ చెప్పింది, నాయినమ్మ చూడలేదు, వాళ్లమ్మ చెప్పింది" అని రాసింది. ఆమె కార్యక్రమానికి వచ్చి, కాగితం మీద తన పేరు తడిమి చూసుకొని, "గింత ఎత్తున రాసిన్రేందే, నాకు అందుతలేదు" అంది. మన సంఘం ఇన్నేళ్లుగా ఇచ్చిన జ్ఞాపికలన్నీ ఒకెత్తు, ఆ గోడ ఒకెత్తు అని నా అభిప్రాయం.

ముఖ్య అతిథిగా పిలిచిన అధికారి గంటన్నర ఆలస్యంగా వచ్చి, శాలువా కప్పించుకొని, గోడ వైపు చూడకుండానే వెళ్లారు. పుస్తకాలిప్పిస్తామన్నారు, ఇంకా రాలేదు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం. ఆ హక్కుతోనే పిల్లల పుస్తకాల కోసం దరఖాస్తు ఇచ్చాం. "పైకి పంపినం" అన్నారు. 1904లోనే హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టుకున్న ఊరు మనది, ఆనాటి వాళ్లు ఎవరి సంతకం కోసమూ ఆగలేదు.

వాలంటీర్ల సంగతి. పోయిన సమావేశంలో చేతులెత్తిన వాళ్ల జాబితా నా దగ్గరుంది, చదివి ఎవరినీ ఇబ్బంది పెట్టను. గ్రూపులో ప్రతి ఆదివారం పొద్దున బొటనవేలు గుర్తులు బాగానే వచ్చాయి, మనుషులు రాలేదు. ఇద్దరు రిటైర్డ్ టీచరమ్మలు, డిగ్రీ చదివే ఒక అమ్మాయి మోశారు తరగతిని. ఒకరికి మోకాళ్ల నొప్పులు, అమ్మాయికి పరీక్షలు. వచ్చే ఏడు వాళ్ల మీదే వేస్తే తరగతి ఉండదు.

క్విజ్ పోటీ పెట్టి బహుమతులివ్వండని తల్లిదండ్రులు కొందరు కోరారు. పెట్టదలచుకోలేదు. పెడితే మళ్లీ పుట్టిన తేదీల బట్టీకే వస్తాం.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. ఆడిట్ అయింది, రిజిస్ట్రార్‌కు పంపాల్సినవి పంపాం. పుస్తకాలకు, కాగితానికి, చాయ్‌కి అయిన ఖర్చు రశీదులతో ఉంది. చందా బాకీ ఉన్నవారు ఈ రోజే కట్టి పోగలరు.

హాలు ఉచితంగా ఇచ్చిన కాలనీ కమిటీకి, పుస్తకాలిచ్చిన సభ్యులకు, కుర్చీలు పంపిన టెంట్ హౌస్ వారికి, వానలో కూడా గేటు తీసి కూర్చున్న వాచ్‌మన్‌కు, ఆదివారాలు మాకు వదిలిపెట్టిన మా ఇంటివాళ్లకు కృతజ్ఞతలు. ఎవరి పేరైనా మరిచి ఉంటే మన్నించండి.

వచ్చే జూన్ నుంచి రెండు బృందాలుగా నడపాలని కార్యవర్గం ప్రతిపాదన. ఆదివారానికి ఇద్దరు పెద్దలు తప్పనిసరి. కాగితం, పెన్ను బల్ల మీద పెట్టాను. పేరుతో పాటు వచ్చే తేదీ కూడా రాయాలి.

కార్యదర్శి
హనుమకొండ