బీరువాలో బొమ్మల పుస్తకాలు

జిల్లా మహిళా శిశు సంక్షేమ అధికారి గారికి, అమలాపురం.

నమస్కారమండీ.

నాలుగేళ్ల మా మనవరాలు మా లంకలో అంగన్‌వాడీకి వెళ్తుంది. అక్కడ బొమ్మల పుస్తకాలున్నాయి, బీరువాలో. చిరిగితే ఎవరు జవాబు చెప్పాలని టీచరమ్మ భయం. ఆవిణ్ణి తప్పుపట్టను. బరువులు తూయడం, ఫోన్‌లో ఎంట్రీలు, అన్నీ ఆవిడే చూసుకోవాలి. కానీ 1975లో మొదలైన ఈ అంగన్‌వాడీ పథకంలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు బడిముందు చదువూ భాగమే కదా.

మొన్న నేనే అట్టల మీద బొమ్మలేసి, ఓ పుస్తకం కుట్టి పట్టుకెళ్లాను. “పడవెక్కింది పిల్లి, పాలు తాగింది వెళ్లి, ఆకలేసిందట...” అని ఆగాను. “మళ్లీ!” అని అరిచారందరూ. అది పిల్లి గురించో, నన్ను మళ్లీ చదవమనో తెలీలేదు. ఏడుసార్లు చదివించారు. ప్రాస చేసే పని ఇదేనండీ. రాబోయే మాటను చెవి ముందే పట్టుకుంటుంది. పిల్లి, వెళ్లి, మళ్లీ చివర్లో ఒకేలా మోగుతున్నాయని పసిగట్టిన పిల్లకి రేపు అక్షరాలు కూడబలుక్కోవడం తేలికవుతుంది.

అందుకని చిరిగిన పుస్తకాన్ని నష్టం కింద కాక వాడకం కింద రాయించండి. వెనక కూర్చున్న పిల్లకీ బొమ్మ కనిపించేంత పెద్ద పేజీలుండాలి. ఇంగ్లీషు నుంచి మాటకు మాట దించినవి మాత్రం వద్దు, వాటిలో అర్థం వస్తుంది గానీ ప్రాస రాదు. రేవు దాటించే పంటి, కొబ్బరి దింపు, రొయ్యల చెరువు ఉన్నవి ఇక్కడివాళ్లతోనే రాయించండి. వరదొస్తే అటకెక్కించడానికి మూతున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి కూడా ఇప్పించండి.

ఇట్లు,
ఒక తాతయ్య