ఆర్వీలో సీసా దొరికితే పరువు పోయిందా?

సంపాదకుడు గారికి,

మీ అమెరికా పేజీలో ఆ ఆర్వీ (లోపలే ఇల్లులా ఉండే పెద్ద బండి) వార్త వచ్చి చాలా రోజులైంది. ఇక్కడి తెలుగువాళ్లలో ఎవరో ఒకరు రాస్తారులే అని ఊరుకున్నాను. ఎవరూ రాయలేదు. కాలిఫోర్నియాలో మన కుర్రాళ్ల బండి ఆపారట, వెనక భాగంలో, సగం ఖాళీ అయిన విస్కీ సీసా దొరికిందట, దాన్ని చూపించి బండంతా సోదా చేశారట, మీరేమో 'పరువు తీశారు' అని హెడ్డింగ్ పెట్టేశారు. ఏ సెక్షన్ కింద కేసు పెట్టారో మాత్రం వార్తంతా వెతికినా కనపడలేదు.

మూత తీసిన మందు సీసాతో ఇక్కడ రోడ్డెక్కకూడదన్నది నిజమే. తాగనక్కర్లేదు, సీల్ తీసి ఉంటే చాలు. గ్లవ్ బాక్సులో దాచినా ఒప్పుకోరు, డిక్కీలో పెట్టాలి. విడిగా డిక్కీ లేని సియెన్నా వ్యాన్ లాంటి బండి అయితే మనుషులు కూర్చోని చోటన్నా, తాళం వేసిన పెట్టెలోనన్నా ఉండాలి. పుట్టినరోజు పార్టీలో మిగిలిన సీసాని సీటు కింద పడేసుకుని ఇంటికొచ్చే పెద్దమనుషులు మా వీధిలోనే ఉన్నారు. వాళ్ల మీద హెడ్డింగులు రావు.

ఆర్వీ సంగతి వేరు. మంచం, పొయ్యి ఉండే నివాస భాగంలో కూర్చున్న ప్రయాణికులకు ఈ నిషేధం వర్తించదని కాలిఫోర్నియా వెహికల్ కోడ్ 23229వ సెక్షన్ చెబుతోంది. మూత తీసిన సీసాల మీద నిషేధం పెట్టమని, హైవే నిధులతో ముడిపెట్టి రాష్ట్రాల మెడలు వంచిన 1998 నాటి ఫెడరల్ చట్టం కూడా ఈ మినహాయింపుకి అడ్డు చెప్పలేదు. డ్రైవర్‌కి, ముందు సీట్లో వాళ్లకి ఇది లేదు. మామూలు వ్యానులో పరుపు పరిచి ఆర్వీ అంటే కుదరదు. కానీ సీసా వెనకే దొరికిందని మీ వార్తే చెబుతోంది కదా! మరి నేరం ఏమిటి?

పోనీ సోదా సంగతైనా సరిగ్గా రాశారా అంటే అదీ లేదు. 'ఇంట్లోకి వారెంట్ లేకుండా ఎలా వస్తారు' అని మా వాట్సాప్ గ్రూపులో లాయర్లు పుట్టుకొచ్చారు. వస్తారు. శాన్‌డియాగోలో కర్టెన్లు వేసి ఆపి ఉంచిన ఒక మోటర్ హోమ్ (ఇలాంటి ఆర్వీయే) కేసులో 1985లోనే అమెరికా సుప్రీంకోర్టు 6-3 తేడాతో తేల్చింది: చక్రాలున్నాయి, క్షణంలో వెళ్లిపోగలదు, కాబట్టి కారుతో సమానం, గట్టి ఆధారం ఉంటే వారెంట్ అక్కర్లేదు. ఈ సూత్రానికి మూలం 1925 నాటి క్యారల్ కేసు. మద్యనిషేధం రోజుల్లో కారు సీటు చీల్చి మందు సీసాలు బయటికి తీసిన కేసు అది. అంటే ఆర్వీ వెనక భాగం సీసా విషయానికొస్తే ఇల్లు, పోలీసు విషయానికొస్తే కారు. అక్కడ సీసా ఉండటం తప్పే కానప్పుడు, ఆ ఒక్క సీసాని చూపించి బండంతా తిరగేయడం ఏం న్యాయం? విలేకరి అడగాల్సిన ప్రశ్న అది. అడిగితే వార్త అయ్యేది.

లేదా కుర్రాళ్లే 'ష్యూర్ సర్' అని తలుపు తీశారేమో. ఎక్కువసార్లు జరిగేది అదే. సోదాకి ఒప్పుకోకపోయే హక్కు మనకుంది, కానీ ఆ మాట పోలీసు మనకి చెప్పాల్సిన పని లేదని 1973లో అదే కోర్టు తీర్పు వచ్చింది. ఆ కేసు మొదలైంది ఎక్కడో కాదు, సన్నీవేల్‌లో. ఇవాళ సగం తెలుగు సాఫ్ట్‌వేర్ జనం ఇడ్లీ తినేది అక్కడే. ఎంతమందికి తెలుసు? వీసా మీద ఉన్న పిల్లలకి వెనక పోలీసు లైట్లు వెలిగితే చాలు, టెన్షన్. డీయూఐ (మందు తాగి బండి నడపడం) అరెస్టుతో శిక్ష పడకముందే వీసాలు రద్దయిన కథలు వినీ వినీ దేనికైనా తలూపేస్తారు.

ఇవన్నీ చెప్పాల్సిన మన సంఘాలు ఏం చేస్తున్నాయి? మూడు రోజుల సంబరాలు, హీరోయిన్‌కి బిజినెస్ క్లాసు టికెట్, నాయకులకి శాలువాలు. పక్క హాల్లో ఒక లాయర్‌ని పిలిచి గంటసేపు మాట్లాడించండి అంటే 'ఎవరొస్తారండీ' అంటారు. సంఘం ఎన్నికలప్పుడు మాత్రం రెండు వర్గాలూ ఇంటింటికీ వస్తాయి. కాన్సులేట్ సంగతి ఎత్తకపోవడమే మంచిది.

ఆ కుర్రాళ్లని ఏ సెక్షన్ కింద ఆపారు, సోదాకి వాళ్లు ఒప్పుకున్నారా, చివరికి కేసేమైనా మిగిలిందా? కనుక్కుని అదే పేజీలో, ముందు పెట్టిన హెడ్డింగ్ సైజులోనే వేయండి. వాళ్ల అమ్మానాన్నలు మీ పేపరే చదువుతారు.

— ఒక పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా